నీకెవరు చెప్పేరు?

మా ఇంగ్లీషు టీచరుగారు పోయారని మొన్న పేపర్లో వేశారు. జిల్లా పేజీలో కింద మూల, ఐదు లైన్ల వార్త. ఆ ఐదు లైన్లలోనే మూడు తప్పులు. ఆవిడ సంగీతం టీచరుగా పనిచేశారని రాశారు. పొద్దున ప్రార్థనలో ఆవిడ గొంతెత్తితే వరసలో నిలబడ్డ పిల్లలందరికీ పాట మర్చిపోయేంత పని అయ్యేది. విజయనగరంలో పుట్టారని రాశారు. ఆవిడది అనకాపల్లి, ఆ సంగతి రోజుకి రెండుసార్లయినా చెప్పేవారు. ఇక మూడోది, "మృదుస్వభావి" అన్నారు. ఆ ముక్క రాసినాయన ఆవిడ దగ్గర ఒక్కరోజు కూడా చదువుకోలేదని నాకు అక్కడే తెలిసిపోయింది.

ఎర్ర పెన్సిలు తీసి ఆ మూడింటి కిందా గీతలు గీశాను. చచ్చిపోయిన మనిషి వార్తలో తప్పులు దిద్దడమేమిటని మావారు విసుక్కున్నారు. ఆవిడే ఉంటే దిద్దనందుకు విసుక్కునేవారని చెప్పాను.

యాభైల్లో నేను చోడవరంలో మూడో ఫారం, అంటే ఇప్పటి ఎనిమిదో తరగతి, చదివాను. ఆవిడ మాకు ఇంగ్లీషు చెప్పేవారు. పొట్టి మనిషి. ఎండయినా వానయినా చేతిలో నల్లగొడుగు ఉండేది కానీ విప్పగా ఎవరూ చూడలేదు. దాంతో మ్యాపు చూపించేవారు, కిటికీ తలుపు తోసేవారు, నిద్రపోయేవాడి బల్లమీద టకటకా కొట్టేవారు. కళ్ళజోడు ఒకవైపు కాడ విరిగిపోతే దారం కట్టుకుని, ఆ దారంతోనే మూడేళ్ళు లాగించారు. బాగా రాశామని ఎవరినీ మెచ్చుకోవడం నేను వినలేదు. తప్పుల్లేకుండా రాసిచ్చినా పుస్తకం తిప్పి ఇచ్చేసి "ఇంకా?" అనేవారు. ఆ "ఇంకా" అనిపించుకోవడం కోసమే మేం పడీపడీ చదివేవాళ్ళం.

ఆవిడ నోట్లో ఎప్పుడూ ఆడే మాట ఒకటుంది. "నీకెవరు చెప్పేరు?" వాన పడేలా ఉందండీ అన్నా అదే మాట. పరీక్షలు వాయిదా పడ్డాయటండీ అన్నా అదే మాట. ఒకసారి ప్యూను వచ్చి, హెడ్మాస్టరుగారు మధ్యాహ్నం నుంచి సెలవిచ్చారని చెప్పాడు. ఆవిడ వాణ్ణి కూడా అదే అడిగారు. గుమాస్తాగారు చెప్పేరండీ అన్నాడు. గుమాస్తాకెవరు చెప్పేరంటే వాడికి తెలియదు. కాగితం వచ్చేదాకా మా క్లాసు కదలదన్నారు. స్కూలంతా ఖాళీ అయిపోయింది. మా ముప్ఫైమందిమీ కిటికీలోంచి బయటికి చూస్తూ ఆవిణ్ణి తిట్టుకుంటూ కూర్చున్నాం. తీరా కాగితం వచ్చాక చూస్తే సెలవు నిజమే. ఆవిడేమీ నొచ్చుకోలేదు. ఇప్పుడు తెలిసింది కదా, వెళ్ళండి అన్నారు.

మా ఇంగ్లీషు పుస్తకంలో మంచు కురవడం గురించి ఒక పాఠం ఉండేది. మాలో ఎవరమూ మంచు చూడలేదు. తనూ చూడలేదని ఆవిడ ఒప్పుకున్నారు. చూడనిదాని గురించి ఎంతసేపని చెప్తానని, ఒక్కరోజులో ఆ పాఠం ముగించేసి పేపరు తీశారు. బెజవాడలో అచ్చయిన పేపరు రైల్లో అనకాపల్లి దిగి, బస్సు టాపెక్కి మా ఊరు వచ్చేసరికి మధ్యాహ్నం దాటిపోయేది. స్కూలు కాపీని హెడ్మాస్టరుగారు చదివి వదిలాక, మర్నాడు అది మా క్లాసుకొచ్చేది. అందులోంచి ఒక వార్త ఎంచుకుని, మేం దాన్ని ఇంగ్లీషులోకి మార్చాలి. అయితే మార్చే ముందు ఒక తతంగం ఉండేది.

మాలో ప్రతివాళ్ళ దగ్గరా ఒక గుడ్డసంచీలో చింతపిక్కలుండాలి. ఆటకి అరగదీసినట్టే ఒకవైపు నేలకేసి రుద్ది తెల్లగా చేసి ఉంచాలి. వార్త చదవగానే, అది ఎన్ని నోళ్ళు దాటి మన దాకా వచ్చిందో ఊహించి, నోటికొక పిక్క చొప్పున బల్లమీద వరసగా పెట్టాలి. కళ్ళతో చూసిన మనిషికి తెల్లవైపు పైకి. విన్న మనిషికి నల్లవైపు పైకి. వరసలో తెల్లది ఒక్కటి కూడా లేకపోతే ఇంగ్లీషులో "జరిగింది" అని రాయడానికి వీల్లేదు, "ఇట్ ఈజ్ సెడ్" అని మొదలుపెట్టాలి. మిగతా సెక్షన్ల పిల్లలు భూతకాలం బట్టీపడుతుంటే మేం చింతపిక్కలాడుకుంటున్నామని నవ్వేవారు. మరి వాళ్ళకన్నా మాకే ఇంగ్లీషు ముందు పట్టుబడింది.

తెల్లపిక్క పెట్టడానికి ఇంకో షరతుంది. పెట్టినవాళ్ళు ఆ చూసిన మనిషిని క్లాసుకి తీసుకురావాలి. రావికమతంలో రెండు తలల దూడ పుట్టిందని ఒకసారి వార్త వచ్చింది. ఆ వైపు నుంచి వచ్చే పిల్లవాడొకడు, మా మామయ్య చూశాడని గొప్పగా తెల్లపిక్క పెట్టేశాడు. పెట్టిన పాపానికి వాళ్ళ మామయ్యని పట్టుకొచ్చాడు. ఆయన సిగ్గుపడుతూ కిటికీ దగ్గర నిలబడి, తల ఒకటేనండీ, మెడమీద గడ్డలాంటిది లేచింది, తలలాగే ఉంటుందండీ అన్నాడు. టీచరుగారు ఆయనకి కుర్చీ వేయించి, మంచినీళ్ళిచ్చి, ఇంత దూరం వచ్చి ఉన్నమాట చెప్పినందుకు దణ్ణం పెట్టారు. మాలో ఒక్కరూ నవ్వకుండా చూసుకున్నారు.

తెలుగు పంతులుగారికి ఇదంతా వేళాకోళంగా ఉండేది. ఆవిడ క్రైస్తవులు కదా, మీ బైబిలుకి కూడా పిక్కలు పేరుస్తారా అని ఒకసారి వరండాలో అందరి ముందూ అడిగారు. అది నమ్మకమండీ, ఇది వార్త, ఒకే తక్కెట్లో వెయ్యను అన్నారు ఆవిడ. ఆయన నవ్వేసి ఊరుకున్నారు.

ఇప్పుడు మా నాన్న గురించి చెప్పాలి. మాకు బస్టాండు దగ్గర పలకలు, పుస్తకాలు, పాళీలు అమ్మే చిన్న కొట్టుండేది. అది బతుకుతెరువు. మా నాన్న ప్రాణమంతా వేరేచోట ఉండేది. ఆయన ఆ బెజవాడ పేపరుకే చోడవరం విలేఖరి. జీతం లేదు, నెలకింత పోస్టేజీ పంపేవారు. అచ్చయిన ప్రతి వార్తనీ కత్తిరించి పొడుగాటి నోటుపుస్తకంలో అంటించేవారు. ఊళ్ళో ఎవరు ఎదురుపడినా "విలేఖరిగారూ" అని పిలిస్తే ఆయన నడక మారిపోయేది. అయితే వార్తల కోసం ఆయన ఎక్కడికీ వెళ్ళేవారు కాదు. కొట్టు పక్కన కాఫీ హోటలుంది. వడ్డాది బస్సు, రావికమతం బస్సు, అనకాపల్లి బస్సు అన్నీ అక్కడే ఆగేవి. దిగినవాళ్ళు కాఫీ తాగుతూ చెప్పుకునే కబుర్లలోంచి ఆయన వార్త ఏరుకునేవారు. అది తప్పని ఆయనకి తోచలేదు. నిజం చెప్పాలంటే నాకూ తోచలేదు.

బెల్లం వండే రోజులు. నా పక్కన కూర్చునే నూకరత్నం గోవాడ దగ్గర పల్లె నుంచి రోజూ నడిచి వచ్చేది. వాళ్ళ నాన్న బెల్లం అనకాపల్లి మార్కెట్లో పేరున్న బెల్లం. తనని ఎస్సెల్సీ దాకా చదివిస్తానని వాళ్ళ నాన్న మాటిచ్చాడని, నూకరత్నం నాతో నాలుగైదుసార్లు చెప్పింది. వాళ్ళింట్లో ఆడపిల్లల్లో స్కూలు మెట్లెక్కింది ఇదే మొదలు.

ఒక సోమవారం పేపర్లో పెద్ద అక్షరాలతో వచ్చింది: "కల్తీ బెల్లానికి ఇద్దరు బలి." వడ్డాది అవతల ఒక చిన్న ఊళ్ళో పెళ్ళివిందులో పరమాన్నం తిని చాలామంది పడిపోయారని, ఒక ముసలావిడా ఆమె మరిదీ చనిపోయారని, ఆ పరమాన్నంలో వేసింది ఫలానా రైతు బెల్లమని ఊరూ పేరుతో సహా రాశారు. ఆ ఊరూ పేరూ నూకరత్నం వాళ్ళ నాన్నవి. వార్త చివర "మా చోడవరం విలేఖరి" అని ఉంది.

గురువారం వాళ్ళ నాన్న క్లాసు గుమ్మం దగ్గరికి వచ్చాడు. తలపాగా విప్పి చేత్తో పట్టుకుని నిలబడ్డాడు.

"సదువేటికండమ్మా ఇంక. మార్కెట్టుకి తోలిన బళ్ళు తిరిగొచ్చీసినాయి. మా బెల్లం ఎవుళూ ముట్టుకోడం నేదు. మా గుంటని తీసుకుపోతన్నాను."

నూకరత్నం పుస్తకాలు సర్దుకుంటుంటే నేను పలకలోకి చూస్తూ కూర్చున్నాను. టీచరుగారు ఆయన్ని ఆపలేదు. బెల్లం అమ్ముడైతే పంపిస్తారా అని మాత్రం అడిగారు. అమ్ముడైతే నాకేటమ్మా అడ్డం అన్నాడు. సరే, తన పేరు రిజిస్టరులో ఉంచుతానన్నారు.

వాళ్ళు గేటు దాటగానే ఆవిడ ఆ పేపరు తీసి బల్లమీద పరిచారు. ఇవాళ్టి వార్త ఇదేనన్నారు. క్లాసంతా నా వైపు తిరిగింది. ఆవిడ మాత్రం నా వైపు చూడకుండానే వార్త చదివి వినిపించి, పిక్కలు పెట్టమన్నారు.

ఒక్కొక్కరే లేచి వచ్చి పెట్టారు. విందుకెళ్ళిన చుట్టానికి ఒకటి. ఆ చుట్టం చెప్పిన బండివాడికి ఒకటి. బండివాడు చెప్పిన బస్సు కండక్టరుకి ఒకటి. కాఫీ హోటల్లో కూర్చున్నవాళ్ళకి ఒకటి. చనిపోయినవాళ్ళని ఎవరు చూశారో ఎవరికీ తెలియదు కాబట్టి అన్నీ నల్లవే. చివరికి విలేఖరి పిక్క మిగిలింది. దాన్ని పెట్టడానికి ఎవరూ లేవలేదు. నేనే లేచాను. ఒళ్ళంతా పౌరుషం. తెల్లవైపు పైకి పెట్టి, మా నాన్నగారు చూశారని చెప్పాను.

అది అబద్ధమని నాకు తెలుసు. వడ్డాది బస్సు మా నాన్న ఆ ఏడాదిలో ఒక్కసారి కూడా ఎక్కలేదు.

ఆవిడ ఆ పిక్కని చూశారు. "మంచిది. మీ నాన్నగారిని తీసుకురా. లేదంటే పిక్క తిప్పు. అప్పటిదాకా ఈ వరస ఎవరూ కదపకూడదు" అన్నారు.

ఆ వరసని అలాగే ఒక పలకమీదకి ఎత్తించి కిటికీ గూట్లో పెట్టించారు. ఐదు పిక్కలు, నాలుగు నల్లవి, ఒకటి తెల్లది. నేను కూర్చునే చోటు నుంచి నల్లబల్ల చూడాలంటే ముందు అదే కనిపించేది.

ఇంటికెళ్ళి మా నాన్నని అడిగాను. ఆయన నవ్వారు. విలేఖరి ప్రతీదీ వెళ్ళి చూడాలంటే రెక్కలుండాలమ్మడూ, నలుగురు చెప్పేరు, రాసేను అన్నారు. నలుగురూ చెప్తే నిజం కాకుండా ఎలా ఉంటుందని నన్నే అడిగారు. క్లాసుకి రమ్మని మాత్రం పిలవలేకపోయాను.

శనివారం మధ్యాహ్నం స్కూలు వదిలాక టీచరుగారు నన్ను ఆగమన్నారు. నూకరత్నాన్ని కూడా కబురుపెట్టి పిలిపించారు. మా ఇద్దరినీ వడ్డాది బస్సెక్కించి, అక్కణ్ణుంచి రెండు మైళ్ళు చెరకుతోటల గట్లమీద నడిపించారు. ఎక్కడికని అడిగితే పెళ్ళివారి ఊరికని చెప్పారు. చనిపోయినవాళ్ళ ఇల్లు అడిగి పలకరించి రావాలన్నారు. దారంతా నూకరత్నం నాకు దూరంగా, టీచరుగారి అవతలి పక్కన నడిచింది.

ఊళ్ళోకి వెళ్ళాక, పెళ్ళివిందులో ముసలావిడ పోయిన ఇల్లేదని టీచరుగారు అడిగారు. ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకుని ఒక పూరిల్లు చూపించారు. అరుగుమీద ఒక ముసలావిడ మినుములు చేటలో చెరుగుతూ కూర్చుని ఉంది. టీచరుగారు నెమ్మదిగా సంగతి చెప్పారు. ఆవిడ చేట పక్కన పెట్టింది.

"ఓలమ్మ, నానేనమ్మా ఆ సచ్చిపోయినదాన్ని. మా మరిది తోటలోకి ఎల్లినాడు, ఆడూ బతికే ఉన్నాడు. కూకోండి, ఎండలో వొచ్చినారు, మజ్జిగ తాగండి."

చచ్చిపోయిందని అచ్చులో చదివిన మనిషి చేతిమీదుగా నేను మజ్జిగ తాగాను. రెండు రోజులు వాంతులయ్యాయని, ధర్మాసుపత్రికి బండిమీద తీసుకుపోతుంటే చూసినవాళ్ళు పోయిందనుకున్నారని ఆవిడే చెప్పింది. మరి బెల్లం సంగతేమిటని టీచరుగారు అడిగితే, ఆవిడ గొంతు తగ్గించింది. ఇత్తడి గిన్నెలకి లోపల తగరం పూసే కళాయివాడు రెండేళ్ళై ఆ వైపు రాలేదు. పెళ్ళివారు చింతపండు పులుసు కళాయి పోయిన ఇత్తడి గుండిగలో కాచి, ముందురోజు నుంచి అందులోనే ఉంచేస్తే చిలుమెక్కింది. పులుసు పోసుకున్నవాళ్ళే పడిపోయారు. పరమాన్నం ఒక్కటే తిన్న పిల్లలకి ఏమీ కాలేదు. పెళ్ళివారి పరువు పోతుందని ఆ నేరం బెల్లం మీదకి తోసేశారు.

"బెల్లానికేటమ్మా, బంగారంలాటి బెల్లం" అంది ఆవిడ. నూకరత్నం అక్కడే అరుగుమీద కూలబడి ఏడ్చింది.

తిరుగు బస్సులో, మా నాన్నగారికి మీరే చెప్పండని టీచరుగారిని బతిమాలాను. ఆవిడ ససేమిరా అన్నారు. చూసింది నువ్వు, చెప్పాల్సిందీ నువ్వే అన్నారు. అంత కఠినంగా ఒక పెద్ద మనిషి నాతో ఎప్పుడూ మాట్లాడలేదు. ఆ నిమిషంలో ఆవిడంటే నాకు ఒళ్ళుమంట. ఇప్పుడు ఈ మాట రాయడానికి సిగ్గుపడను, ఎందుకంటే ఆవిడకీ తెలుసు.

ఆదివారం పొద్దున మా నాన్న నోటుపుస్తకం ముందేసుకుని ఆ బెల్లం వార్తనే జాగ్రత్తగా అంటించుకుంటున్నారు. పక్కన కూర్చుని, ఆవిడ బతికే ఉంది నాన్నా, నాకు మజ్జిగిచ్చింది అన్నాను. జిగురు వేలికి అంటుకుని ఉండగానే ఆయన నా వంక తిరిగారు. అంతా విన్నారు. వినేసి, ఆడపిల్లల్ని ఊళ్ళంట తిప్పడానికి ఆవిడెవరని కేకలేశారు. సోమవారం ఇస్త్రీ చొక్కా వేసుకుని, కండువా భుజాన వేసుకుని నా వెనకే స్కూలుకి వచ్చారు.

క్లాసులోకి వస్తూనే, పసిపిల్లల చేత తన వార్తలకి పంచాయితీ పెట్టించే అధికారం ఎవరిచ్చారని అడిగారు. పది పన్నెండేళ్ళుగా విలేఖరిగా ఉన్నానన్నారు. టీచరుగారు ఆయన మాట పూర్తయ్యేదాకా ఆగారు. తర్వాత తన కుర్చీ ఆయన వైపు జరిపారు.

"కూర్చోండి బాబూ. మీరు వెళ్ళి చూసేరని మీ అమ్మాయి తెల్లపిక్క పెట్టింది. మీరొచ్చి చెప్తే సరిపోతుంది."

ఆయన కూర్చోలేదు. ఆవిడ కిటికీ గూట్లోంచి పలక తెచ్చి, ఏ పిక్క ఎవరిదో చెప్పారు. చివరి పిక్క దగ్గరికొచ్చేసరికి మా నాన్న నా వంక చూశారు.

"నేను చూశానని చెప్పేవా అమ్మడూ?"

చెప్పానన్నట్టు తలూపాను. ఆయన మొహంలో కోపం పోయింది. దాని స్థానంలో వచ్చినదాన్ని నేను చూడలేకపోయాను. తన కోసం కూతురు అబద్ధమాడిందని ఆయనకి అప్పుడే తెలిసింది. వంగి, తనే ఆ పిక్కమీద చెయ్యి వేశారు. టీచరుగారు గొడుగు అడ్డం పెట్టారు.

"మీరు కాదు బాబూ. పెట్టినవాళ్ళే తిప్పాలి."

నేను లేచి వెళ్ళి తిప్పాను. నల్లవైపు పైకి వచ్చింది. మా నాన్న కండువా సర్దుకుని బయటికి వెళ్ళిపోయారు. ఆవిడ సుద్దముక్క తీసి పాఠం మొదలుపెట్టారు. ఆ పూట ఏం చెప్పారో నాకు ఒక్క అక్షరం ఎక్కలేదు.

మర్నాడు కొట్టు మూసి ఉంది. మా నాన్న వడ్డాది బస్సెక్కారని అమ్మ చెప్పింది. సాయంత్రం మోకాళ్ళ దాకా దుమ్ముతో దిగి, కాళ్ళయినా కడుక్కోకుండా కూర్చుని రాశారు. ఎవరూ చనిపోలేదని, బెల్లం తప్పు లేదని, మొదటి వార్త పొరపాటని. పేపరు అది వెయ్యలేదు. మళ్ళీ రాసి పంపారు. వెయ్యలేదు. మూడోసారి రిజిస్టరు పోస్టులో పంపారు. తమ వార్త తప్పని తమ పేపర్లోనే వేసుకోవడం ఆనవాయితీ కాదని కార్డుముక్క వచ్చింది. ఈలోగా రెండు వారాలు గడిచాయి. నూకరత్నం చోటు ఖాళీగానే ఉంది. వండిన బెల్లం వాళ్ళింట్లో చెమ్మ పట్టి కారుతోందని తెలిసింది.

అప్పుడు టీచరుగారు మా కొట్టుకి వచ్చారు. ఒక దస్తా కాగితాలు కావాలని అడిగి, ఆయన కాగితాలు కడుతుంటే అన్నారు, ఆ వార్త చదివి బెల్లం ఒద్దన్నది మార్కెట్లో షావుకార్లు కదా, వాళ్ళకి చెప్పడానికి పేపరెందుకు, మీ నోరు చాలదా అని. మా నాన్న కాగితాల కట్ట ఆవిడ చేతికిచ్చారు. రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. మూడో రోజు, రేపు పొద్దున అనకాపల్లి వెళ్తున్నాను, నువ్వూ రావాలి అమ్మడూ అన్నారు.

మేం మార్కెట్టు చేరేసరికి నూకరత్నం వాళ్ళ నాన్న ఒక బండి బెల్లంతో అప్పటికే వచ్చి ఉన్నాడు. టీచరుగారు గొడుగు పట్టుకుని దూరంగా గోడ పక్కన నిలబడ్డారు. ఒక్క మాట సాయం రాలేదు. చుట్టూ బెల్లం దిమ్మలు, ఈగలు, కాటావాళ్ళ అరుపులు. మా నాన్న బండిమీదకెక్కారు. పొడుగాటి మాటలు రాసుకొచ్చిన కాగితం జేబులోనే ఉండిపోయింది.

"ఈ రైతు బెల్లానికి మనుషులు చచ్చిపోయేరని పేపర్లో రాసింది నేనే. నేను చూళ్ళేదు. విని రాసేను. అది అబద్ధం."

ఒక ముసలి షావుకారు ముందుకొచ్చి, అది అబద్ధమని మాత్రం నీకెలా తెలుసు, ఇదైనా సూసేవా అన్నాడు. వెళ్ళి చూశానని, చనిపోయారన్న ఇద్దరితోనూ మాట్లాడానని, గుండిగ కూడా చూశానని మా నాన్న చెప్పారు. షావుకారు బండిమీంచి ఒక దిమ్మ దింపించి, అంచు విరిచి నోట్లో వేసుకున్నాడు. నమిలి, కాటా వెయ్యండ్రా అన్నాడు. మా నాన్న బండి దిగడానికి నేను చెయ్యందించాను. ఆ చెయ్యి చెమటతో తడిసిపోయి ఉంది. పుట్టి బుద్ధెరిగిన తర్వాత ఆయన్ని చూసి నేనంత గర్వపడింది లేదు.

నూకరత్నం ఆ మర్నాడే వచ్చేసింది. వాళ్ళ నాన్న గుమ్మం దాకా వచ్చి, కూకోబెట్టండమ్మా అని వెళ్ళిపోయాడు. టీచరుగారు రిజిస్టరు చూసి, పదిహేడు రోజుల పాఠాలు ఎక్కించుకోవాలి, ఇవాళే మొదలుపెట్టు అన్నారు.

నెల తిరక్కుండానే మా నాన్నకి పేపరు నుంచి ఉత్తరం వచ్చింది. సంతలో నిలబడి పత్రిక పరువు తీసే విలేఖరి తమకి అక్కర్లేదని. చోడవరం వార్తలు ఇంకొకరు పంపుతారని. ఆయన ఆ ఉత్తరం చదివి మడతపెట్టి, కొట్టులో పలకలమీద దుమ్ము దులుపుకున్నారు. ఆ తర్వాత ఊళ్ళో ఆయన్ని "విలేఖరిగారూ" అని ఎవరూ పిలవలేదు. బస్సులు వచ్చే వేళకి ఆయన కాఫీ హోటలు వైపు వీపు పెట్టి కూర్చునేవారు.

ఒకరోజు మధ్యాహ్నం అందరూ అన్నాలకి వెళ్ళాక ఖాళీ క్లాసులో ఆవిడ దగ్గరికి వెళ్ళాను. నిలబడి, బల్ల అంచు గట్టిగా పట్టుకుని, ఇన్నాళ్ళూ మింగుకున్న మాట కక్కేశాను.

"మీవల్లే మా నాన్నకి పేపరు పోయింది."

మీ నాన్నగారు మంచిపని చేశారమ్మా అంటారనుకున్నాను. పోతే పోయింది, పేరు వచ్చింది కదా అంటారనుకున్నాను. ఇంట్లో చుట్టాలందరూ అప్పటికే ఆ మాటలు అనేసి ఉన్నారు. ఆవిడ కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టారు.

"అవును. నావల్లే" అన్నారు.

నా ఏడుపు అప్పుడు తన్నుకొచ్చింది, పోయి నా చోట్లో కూలబడ్డాను. ఆవిడ నన్ను ఊరుకోమనలేదు. వచ్చి నా పక్కన, నూకరత్నం కూర్చునే చోట కూర్చున్నారు. తన అన్నం క్యారేజీ విప్పలేదు. బెల్లు కొట్టేదాకా అలాగే కూర్చుని, కొట్టాక లేచి రెండో ఫారం క్లాసుకి వెళ్ళిపోయారు.